జారిన భుజం, అరిగిన గిన్నె: ఒక హడ్డీ హిసాబ్



ఉర్దూలో 'జబ్ర్' అనగానే మనకు జుల్మ్ గుర్తొస్తుంది. ఒకరి మెడలు వంచి పని చేయించుకోవడం గుర్తొస్తుంది. కానీ అరబీలో ఈ మాటకు ఇంకో పాత మానీ ఉంది. విరిగిన హడ్డీని సరిచేసి కట్టడాన్ని జబ్ర్ అంటారు. ఎముకలు కట్టే మనిషి ముజబ్బిర్. కట్టులో పెట్టే బద్ద జబీరా. ఈ చివరి మాట మన ఇళ్ళకు కొత్త కాదు. చెయ్యి విరిగి కట్టు మీదున్నవాళ్ళు వుజూ ఎలా చెయ్యాలని అడిగితే, జబీరా మీద మసహ్ చేస్తే చాలని ఆలిమ్‌లు చెబుతారు కదా, అదే జబీరా. రెండు సజ్దాల మధ్య చాలామంది చదివే దుఆలో కూడా ఇదే మూలం నుంచి పుట్టిన మాటొకటి ఉంది. నాలోని లోటు పూడ్చమని అల్లాహ్‌ను అడిగే మాట అది.

తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ తన హిసాబ్ కితాబ్‌కు పేరు పెట్టేటప్పుడు ఈ మాటనే తీసుకున్నాడు. లెక్కలో ఒకవైపు తగ్గిపోయినదాన్ని తిరిగి పూడ్చడం కూడా ఆయనకు జబ్ర్‌గానే కనిపించింది. మన పిల్లలు స్కూల్లో చదివే ఆల్జీబ్రా పేరు అక్కడిదే. అదే మాట స్పెయిన్ వెళ్ళి రెండు పనులూ చేసింది. అక్కడ చాలాకాలం 'అల్‌హెబ్రిస్తా' అంటే ఎముకలు కట్టేవాడని అర్థం.

ఎముక కట్టడానికీ, లెక్క కట్టడానికీ ఒకే మాట. ఈ రెండు హునర్‌లూ ఎన్నో వందల ఏళ్ళు వేర్వేరు దారుల్లో నడిచి, మన కాలంలో మన ఒంట్లోనే ఒకచోట మళ్ళీ కలుసుకున్నాయి. ఆ చోటు భుజం కీలు. ఆ తారీఖ్ చెప్పడానికే ఈ వ్యాసం.

దీని మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా ఖాందాన్‌లోనే ఉంది. నర్సీపట్నంలో మా మామూ కొడుకొకడు బైక్ మీంచి పడి ఎడమ భుజం జార్చుకున్నాడు. ఎక్కించారు, చెయ్యి మెడకు కట్టారు, నొప్పి తగ్గింది. అందరం అల్హమ్దులిల్లాహ్ అనుకున్నాం. కొన్ని నెలలకు వాలీబాల్ ఆడుతూ జారింది. తర్వాత బస్సులో పైన కమ్మీ పట్టుకుంటే జారింది. ఆ తర్వాత చొక్కా తొడుక్కుంటుంటే. చివరికి నిద్రలో పక్కకు తిరిగితే జారింది. నమాజులో తక్బీర్‌కు చేతులెత్తేటప్పుడు కూడా ఎడమ చెయ్యి సగంలో ఆపేవాడు. ఇంట్లో పెద్దలందరిదీ ఒకటే మాట: "జారితే ఏముందిరా, ఎక్కించేస్తే సరిపోతుంది."

ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. మనిషి జాతి వేల ఏళ్ళు అలాగే అనుకుంది. కానీ వాడి భుజం మాత్రం ఒక సంగతి చెబుతూనే ఉంది. మొదటిసారి జారడానికి బైక్ మీంచి పడాల్సొచ్చింది. ఐదోసారికి దుప్పట్లో దొర్లితే చాలింది. అంటే లోపల ఏదో తరిగిపోతోంది.

ఏం తరిగిపోతోందో తెలియాలంటే ముందు ఆ కీలు ఎలా కట్టి ఉందో చూడాలి.

తుంటి కీలును చూస్తే రోట్లో పొత్రం గుర్తొస్తుంది. తొడ ఎముక బంతి లోతైన గుంటలో దిగి ఉంటుంది. భుజం అలా కాదు. చాయ్ సాసర్‌ను నిలువుగా పట్టుకుని దానికి బత్తాయిని ఆనించినట్టు ఉంటుంది. వీపు వెనక రెక్క ఎముక చివర చిన్న, నిస్సారమైన గిన్నె. దానికి ఆనుకుని దండచేతి ఎముక పెద్ద బంతి. ఏ క్షణంలోనైనా ఆ బంతిలో పావు వంతు, మహా అయితే మూడో వంతు మాత్రమే గిన్నెను తాకుతుంది. గిన్నె అంచు చుట్టూ మెత్తని గట్టులా ఒక పట్టీ ఉంటుంది. దాన్ని లాబ్రమ్ అంటారు. సాసర్ అంచుకు రబ్బరు చుట్టినట్టు అది గిన్నె లోతును కాస్త పెంచుతుంది. మిగతా కాపలా అంతా నరాల్లాంటి బంధాలదీ, కండరాలదీ.

గిన్నెను ఎదురుగా చూస్తే బేరిపండు ఆకారంలో ఉంటుంది. పైన సన్నం, కింద వెడల్పు. ఆ కింది భాగం దాదాపు నిండు వృత్తం. ఈ వృత్తాన్ని గుర్తుపెట్టుకోండి, మన హిసాబ్ అంతా దాని మీదే.

ఈ కీలు వదులు అని బూ అలీ సీనాకు తెలుసు. 980లో పుట్టి 1037లో మరణించిన ఆ హకీమ్ తన 'అల్ ఖానూన్'లో రెక్క ఎముక గురించి రాస్తూ, దాని చివర గుంట లోతు లేనిదని చెప్పాడు. భుజం వదులుగా ఉండటం వల్లే ఎక్కువసార్లు జారుతుందనీ చెప్పాడు. ఆ వదులులోనే హిక్మత్ ఉందన్నాడు. చెయ్యి అన్ని వైపులా తిరగాలంటే కీలు బిగుతుగా ఉండకూడదు. అదే గిన్నెకు దగ్గర్లో ముందుకు పొడుచుకొచ్చిన ఎముక కొస ఒకటుంది. ఇప్పటి డాక్టర్లు దాన్ని కోరకాయిడ్ అంటారు. గ్రీకులో దాని మూలం కాకి. అరబీ కితాబుల్లోనూ 'మిన్‌ఖారుల్ గురాబ్', అంటే కాకిముక్కు, అనే పేరు కనిపిస్తుంది. ఈ కాకిముక్కు కథలో మళ్ళీ వస్తుంది.

జారిన భుజాన్ని ఎక్కించే తరీకాలు మాత్రం బూ అలీ సీనా కంటే చాలా పాతవి. మన ఉర్దూ కితాబుల్లో బుఖ్రాత్ అని పిలిచే హిప్పోక్రటీస్ పేరు మీద ఒకటుంది. రోగిని పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టుకుని నిదానంగా లాగడం. మన దేశంలో సుశ్రుతుడి గ్రంథం చంక కింద రోకలి పెట్టి భుజాన్ని పైకెత్తి, కీలు చోటికి వచ్చాక స్వస్తిక కట్టు కట్టమని చెప్పింది. ఆ గ్రంథం కూడా అరబీలోకి వెళ్ళింది. బగ్దాద్‌లో బర్మకీ వజీర్ యహ్యా బిన్ ఖాలిద్ హుకుమ్ మీద మన్కా అనే హిందుస్తానీ వైద్యుడు దాన్ని అక్కడివాళ్ళకు వివరించాడని ఇబ్నె నదీమ్ తన 'ఫిహ్రిస్త్'లో రాశాడు. ఇల్మ్‌కు పాస్‌పోర్టు ఉండదు.

కుర్తుబా దగ్గర మదీనతుజ్ జహ్రాలో ఉన్న అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన 'అత్తస్రీఫ్' చివరి భాగాన్ని జర్రాహీకి కేటాయించాడు. అందులో విరిగిన ఎముకలకూ, జారిన కీళ్ళకూ విడిగా ఒక బాబ్ ఉంది. మాటిమాటికీ జారే భుజం గురించి కూడా ఆయన ఆలోచించాడు. ఎక్కించాక నిలవని భుజానికి చంకలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టమన్నాడు. ఈ తరీకా బుఖ్రాత్ నుంచి వచ్చింది. వినడానికి భయంగా ఉన్నా దాని వెనక ఒక తర్కం ఉంది. కాలిన చోట మచ్చ గట్టిపడి ముడుచుకుంటుంది. బంతి జారిపడే ఖాళీ ఇరుకవుతుంది. అంటే లోటు బంతిలో లేదనీ, బంతిని ఆపాల్సిన చోట ఉందనీ వాళ్ళు పసిగట్టారు. లోపలికి చూసే దారి లేక బయట నుంచే బిగించాలని చూశారు.

ఈ జర్రాహీ వారసత్వంలో మన తెలుగు నేలకూ ఒక హిస్సా ఉంది. పదమూడో శతాబ్దంలో కరక్‌లో పుట్టిన క్రైస్తవ జర్రాహ్ ఇబ్నుల్ ఖుఫ్ అరబీలో జర్రాహీ మీద 'అల్ ఉమ్దా' అనే పెద్ద కితాబ్ రాశాడు. దాన్ని 1937లో రెండు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. ఒక ఈసాయీ హకీమ్ అరబీలో రాసిన పుస్తకాన్ని నిజాం కాలపు హైదరాబాద్ కాపాడి దునియాకు అందించింది.

అయితే పాత కితాబుల దగ్గరే ఆగిపోకుండా కళ్ళతో చూసి నిర్ధారించుకున్నవాళ్ళూ మన తారీఖ్‌లో ఉన్నారు. అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ 1200 ప్రాంతంలో ఈజిప్ట్‌లో ఉన్నాడు. అప్పుడు అక్కడ భయంకరమైన కరువు వచ్చి లెక్కలేనంతమంది చనిపోయారు. ఒకచోట గుట్టలుగా పడి ఉన్న ఎముకలను ఆయన పరిశీలించాడు. కింది దవడ రెండు ఎముకల కూర్పని జాలీనూస్, అంటే గాలెన్, రాశాడు. అందరూ అదే చదువుకున్నారు. బగ్దాదీ రెండు వేలకు పైగా తలలు చూసి, దవడ ఒకే ఎముక అని తేల్చాడు. ఎంత పెద్ద ఉస్తాద్ మాటైనా ఎముకను చూసి సరిచూసుకోవాలన్నది ఆయన మనకిచ్చిన సబఖ్.

భుజం విషయంలో ఆ సబఖ్ ఫలించడానికి ఇంకా ఏడు వందల ఏళ్ళు పట్టింది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది. 1924 మేలో ఆయన్ని చంపేదాకా మా నర్సీపట్నం చుట్టుపక్కల కొండలన్నీ అట్టుడికాయి. ఆ రెండింటి నడుమ 1923లో విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ తెరిచారు. ఇవాళ్టి ఆంధ్ర మెడికల్ కాలేజీ అదే. కింగ్ జార్జ్ ఆస్పత్రి, మనందరి కేజీహెచ్, ఆ కాలానిదే. సరిగ్గా అదే 1923 డిసెంబరులో లండన్ సర్జన్ బ్లండెల్ బాంకార్ట్ మాటిమాటికీ జారే భుజం మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. ఆయన చూపించినవి నాలుగు కేసులే. చెప్పింది మాత్రం సూటిగా ఉంది: బంతి ముందుకు జారినప్పుడు గిన్నె ముందు అంచు నుంచి లాబ్రమ్ ఊడిపోతుంది. ఊడిన పట్టీ తనంతట తాను ఎముకకు అతుక్కోదు. అందుకే భుజం మళ్ళీ మళ్ళీ జారుతుంది. పట్టీని తిరిగి అంచుకు కుట్టెయ్యాలి. ఫ్రాన్స్‌లో బ్రోకా, హార్ట్‌మాన్ 1890లోనే, జర్మనీలో పెర్తెస్ 1906లో ఇలాంటి సంగతే గమనించారు. కానీ పేరు బాంకార్ట్‌కు నిలిచింది.

1895లో రోంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టడంతో బతికున్న మనిషి హడ్డీ కంటికి కనిపించడం మొదలైంది. 1940లో అమెరికాలో హిల్, సాక్స్ అనే ఇద్దరు ఎక్స్‌రే డాక్టర్లు బంతి వెనక భాగంలో ఒక సొట్టను వివరించారు. బంతి బయటికి జారి గిన్నె గట్టి అంచు మీద కూర్చున్నప్పుడు, ఆ అంచు మెత్తని బంతిలోకి దిగబడి సొట్ట పడుతుంది. అంటే దెబ్బ రెండు వైపులా. గిన్నె ముందు అంచు చితుకుతుంది లేదా అరుగుతుంది, బంతి వెనక సొట్ట పడుతుంది. జారిన ప్రతిసారీ రెండూ కాస్త కాస్త పెరగవచ్చు.

1954లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ లాతార్జే మన కాకిముక్కును కథలోకి తెచ్చాడు. ఆ ఎముక కొసను, దానికి అతుక్కున్న కండరంతో సహా కోసి, గిన్నె ముందు అంచున స్క్రూతో బిగించాడు. పోయిన హడ్డీ చోట పక్కనున్న హడ్డీ వచ్చి కూర్చుంది. జబ్ర్‌కు ఇంతకంటే మంచి మిసాల్ ఏముంటుంది?

ఇక్కడే అసలు సవాల్ వచ్చింది. పట్టీని కుడితే సరిపోయేది ఎవరికి? ఎముక తెచ్చి పెట్టాల్సింది ఎవరికి? చాలా ఏళ్ళు దీనికి జవాబు సర్జన్ అందాజా మీదే నడిచింది.

2000లో అమెరికాకు చెందిన బుర్క్‌హార్ట్, దక్షిణాఫ్రికాకు చెందిన డి బీర్ కలిసి 194 మందికి కీహోల్ పద్ధతిలో చేసిన బాంకార్ట్ ఆపరేషన్ల ఫలితాలు బయటపెట్టారు. ఎముక పెద్దగా పోని వాళ్ళలో 4 శాతం మందికే భుజం సమస్య తిరిగొచ్చింది. ఎముక బాగా పోయినవాళ్ళలో 67 శాతం మందికి తిరిగొచ్చింది. అదే ఆపరేషన్, అవే చేతులు. తేడా అంతా హడ్డీలోనే ఉంది. బాగా అరిగిన గిన్నెను వాళ్ళు తలకిందులైన బేరిపండుతో పోల్చారు. కింద వెడల్పుగా ఉండాల్సింది పైభాగం కంటే సన్నమైపోతుంది. అదే ఏడాది జపాన్ డాక్టర్ ఇతోయి బృందం, గిన్నె పొడవులో దాదాపు 21 శాతం మేర అంచు పోతే పట్టీ కుట్టినా భుజం నిలకడగా ఉండదని చనిపోయినవారి భుజాల మీద కొలిచి చూపింది.

అలా అందాజా పోయి హిసాబ్ వచ్చింది. కొలవడానికి పనిముట్టు అప్పటికే ఉంది. 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. దాన్ని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ ఇనామ్ వచ్చింది. 2003లో జపాన్‌కే చెందిన సుగాయా బృందం మాటిమాటికీ జారే 100 భుజాలకు త్రీడీ సీటీ తీసింది. కంప్యూటర్‌లో బంతిని చెరిపేసి గిన్నెను ఎదురుగా చూసింది. అందులో 90 గిన్నెల అంచు మామూలుగా లేదు. కొన్నిటిలో ముక్క విరిగి ఉంది, కొన్నిటిలో అంచు అరిగిపోయి ఉంది.

ఇప్పుడు ఆ వృత్తం హిసాబ్ చూద్దాం. ఇది కష్టమేమీ కాదు, పదో తరగతి పిల్లలు కూడా చెయ్యగలరు. గిన్నె కింది భాగానికి సరిపోయేలా ఒక వృత్తం గీస్తారు. దాని అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎముక ఇప్పుడు 20 మిల్లీమీటర్లే మిగిలింది. పోయింది 5. అయిదును ఇరవై అయిదుతో భాగిస్తే 20 శాతం నుక్సాన్. అదే నుక్సాన్‌ను వైశాల్యంలో లెక్క కడితే సుమారు 14 శాతమే వస్తుంది. ఎందుకంటే వృత్తం అంచున కోసిన ముక్క సన్నగా ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన పికో అనే తరీకాలో బాగున్న రెండో భుజంతో పోల్చి వైశాల్యం కొలుస్తారు. కాబట్టి ఒకే గిన్నెకు ఒక రిపోర్టులో 20, ఇంకో రిపోర్టులో 14 ఉంటే గాభరా పడకండి. ఒకటి వెడల్పు, ఇంకొకటి వైశాల్యం కావచ్చు. ఏది కొలిచారో అడగండి.

తర్వాత బంతి మీది సొట్టను కూడా ఈ లెక్కలో కలిపారు. చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడు గిన్నె బంతి మీద ఒక దారి వెంట కదులుతుంది, బండి చక్రం బాట వేసినట్టు. ఆ బాట వెడల్పు గిన్నె అడ్డుకొలతలో సుమారు 83 శాతం. అందులోంచి పోయిన ఎముకను తీసెయ్యాలి. మన ఉదాహరణలో 25లో 83 శాతం అంటే 20.75. అందులోంచి 5 తీస్తే 15.75 మిల్లీమీటర్లు. బంతి మీది సొట్ట ఇంతకంటే లోపలికి విస్తరించి ఉంటే, గిన్నె అంచు ఆ సొట్టలో పడి భుజం జారిపోతుంది. 2014లో ఇటలీకి చెందిన డి జాకోమో, జపాన్‌కు చెందిన ఇతోయి, అమెరికాకు చెందిన బుర్క్‌హార్ట్ కలిసి ఈ హిసాబ్‌ను డాక్టర్లు వాడుకునే రూపంలో పెట్టారు.

గీత ఎక్కడ గీయాలన్న బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. వెడల్పులో 20 నుంచి 25 శాతం పోతే ఎముక పెట్టడం వైపే ఎక్కువమంది మొగ్గుతారు. 2015లో అమెరికా ఫౌజీ డాక్టర్లు 13.5 శాతం దాటినవాళ్ళను గమనించారు. పట్టీ కుట్టాక భుజం మళ్ళీ జారకపోయినా వాళ్ళకు పూర్తి ఆరామ్ రాలేదు. వయసు, చేసే పని, ఆడే ఆట, ఒంట్లో కీళ్ళ సహజమైన వదులు కూడా డాక్టర్ చూస్తారు. అంకె ఒక్కటే ఫైసలా చెయ్యదు. కానీ అంకె లేకుండా చేసే ఫైసలా గుడ్డిది.

ఇదంతా మన ఇళ్ళకు ఎందుకంటే, మన దగ్గర భుజం జారడాన్ని ఇంకా ఒక్కసారి జరిగే హాదిసాగానే చూస్తాం. ఎముకలు కట్టేవాళ్ళ మీద మనకు నమ్మకం ఎక్కువ. పుత్తూరు కట్టు పేరు తెలియని ఇల్లు ఆంధ్రలో తక్కువ. తరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన ఆ హునర్‌ను నేను చిన్నచూపు చూడను. అయితే చేతి వేళ్ళకు జారిన బంతి తెలుస్తుంది. లోపల అరిగిపోయిన అయిదు మిల్లీమీటర్ల అంచు ఏ వేళ్ళకూ తెలియదు. మామూలు ఎక్స్‌రేకు కూడా కొన్నిసార్లు అది అందదు. ఎమ్మారై లాబ్రమ్‌ను బాగా చూపిస్తుంది. హడ్డీ కొలతకు ఎక్కువగా సీటీనే వాడతారు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా భుజం జారితే మీరే లాగి ఎక్కించకండి. చంక దగ్గర నుంచి వెళ్ళే నరం, రక్తనాళం దెబ్బతినవచ్చు. భుజం బయటివైపు తిమ్మిరెక్కిందా, వేళ్ళు కదులుతున్నాయా చూసుకుంటూ దవాఖానాకు తీసుకెళ్ళండి. ఇరవై ఏళ్ళలోపు మొదటిసారి జారిన పిల్లలకు మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువ. రెండోసారి జారితే, లేదా ముందుకంటే తేలిగ్గా జారుతుంటే, నర్సీపట్నంలో అయినా విశాఖలో అయినా డాక్టర్‌ను అదబ్‌గా మూడు సవాళ్ళు అడగండి. గిన్నె ఎముక ఎంత శాతం పోయింది? అది వెడల్పులోనా, వైశాల్యంలోనా? బంతి మీద సొట్ట బాట లోపల ఉందా, బయటా? ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఈ మూడు జవాబులూ కాగితం మీద మీ చేతిలో ఉండాలి.

మన పిల్లవాడి విషయంలోనూ ఈ మూడు సవాళ్ళే మలుపు తిప్పాయి. అంతవరకూ ఎక్కించడం గురించే మాట్లాడుకున్న ఇంట్లో మొదటిసారి కొలవడం గురించి మాట్లాడుకున్నాం.

బుఖ్రాత్ మడమ, సుశ్రుతుడి రోకలి, జహ్రావీ వాత, బాంకార్ట్ కుట్టు, లాతార్జే కాకిముక్కు. ఇవన్నీ అతికే ప్రయత్నాలు. ఖ్వారిజ్మీ వైపు నుంచి రావాల్సింది లెక్క. అది వచ్చి పాతికేళ్ళే అయింది. లోటు ఎంతో తెలిస్తేనే దాన్ని ఎంత పూడ్చాలో తెలుస్తుంది. జబ్ర్ అనే మాటలో ఈ రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయి.

అల్లాహ్ అందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.